ఎర్ర క్లిప్పు కుడి చేతికి

కొరాపుట్ కొండల్లో ఉన్న మా ఫ్యాక్టరీ ఆసుపత్రిలో ఈసీజీ గది నాది. నాది అంటే కంపెనీదే, కానీ ముప్ఫై ఒక్క ఏళ్లుగా దాని తాళంచెవి నా జేబులో ఉంటోంది. ఇన్నేళ్లలో నేను తీసిన కాగితం ఒక్కటి కూడా డాక్టర్ల దగ్గర్నుంచి తిరిగి రాలేదు. గోవిందరావుగారు తీసిందయితే చూడక్కర్లేదని పాతకాలపు పెద్ద డాక్టరొకాయన అందరి ముందూ అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఆ వారమంతా ఛాతీ విరుచుకు తిరిగాను. ఆయన నిజంగానే చూసేవాడు కాదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఈసీజీ తీయడం పెద్ద విద్య కాదు, శుభ్రంగా తీయడం విద్య. చేతులకూ కాళ్లకూ నాలుగు క్లిప్పులు. ఎర్రది కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి, ఆకుపచ్చ ఎడమ కాలికి, నలుపు కుడి కాలికి. ఛాతీ మీద ఆరు రబ్బరు బల్బులు. కాగితం బయటికి వచ్చాక మొదటి వరస చూడాలి, దాన్ని లీడ్ వన్ అంటాం. అందులో గీతలు పైకి లేవాలి. తలకిందులుగా దిగాయంటే ఎర్ర క్లిప్పూ పసుపు క్లిప్పూ తారుమారయ్యాయన్నమాట. ఇది మాకు ట్రైనింగులో మొదటి రోజే చెబుతారు. వెంటనే క్లిప్పులు మార్చి మళ్లీ తీయాలి. తప్పు కాగితాన్ని నేను నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేస్తాను. వంకర కాగితం డాక్టరు కంటపడటం నాకు గిట్టదు.

క్లిప్పులు తారుమారైతే కారణం లక్ష్మణుడు. మా గది అటెండెంటు, బంధుగాం మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద. రోజూ సాయంత్రం క్లిప్పుల్ని తీగల నుంచి ఊడదీసి, స్పిరిటుతో తుడిచి, మళ్లీ తగిలించడం అతని పని. ఎర్ర తీగకు పసుపు క్లిప్పు తగిలించాడంటే మర్నాడు మొదటి కాగితం పాడవుతుంది. ఆ పని అతను ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు గాని, ఎన్నిసార్లు తిట్టానో అతనికి గుర్తుండి ఉంటుంది. ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవాడు, తను ముట్టుకోలేదని. నేను నమ్మేవాణ్ణి కాదు. కాగితం అబద్ధమాడదు కదా.

ఇక మా ఇంటి సంగతి. మాకు ఒక్కతే కూతురు, లహరి. దానికి ఆరు నెలలప్పుడు మా ఆవిడ ప్రసన్నలక్ష్మి ఒకరోజు దాన్ని భుజం మీద వేసుకుని జోకొడుతూ, ఈ పిల్ల గుండె కుడిపక్క కొట్టుకుంటోందని చెప్పింది. నేను భోజనం చేస్తున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసి మరీ చెప్పాను. గుండె ఛాతీ నడిమధ్యలో ఉంటుంది, కొస మాత్రం ఎడమకు వాలుతుంది, తెలియనివాళ్లకు ఎటుపడితే అటు ఉన్నట్టు తోస్తుంది అని. ఆవిడ బొమ్మ చూసింది. చూసి, చెయ్యి పెట్టి చూడమంది. పన్నెండు లీడ్ల మిషనుతో రోజుకు పాతిక గుండెలు చూసేవాణ్ణి, చెయ్యి పెట్టి చూడటమేమిటని నవ్వాను. తర్వాత కూడా ఏడాదికోసారి అనేది. లహరి పెద్దదయ్యాక అనడం మానేసింది. ఒప్పుకుందనుకున్నాను.

లహరికి చిన్నప్పుడు భయమేస్తే కుడి పక్కన ఛాతీ పట్టుకునేది. గుండె అటు కాదమ్మీ ఇటు అని, నేను ఆ చెయ్యి తీసి ఎడమవైపు పెట్టేవాణ్ణి. ఈసీజీ గోవిందరావు కూతురికి గుండె ఎక్కడుందో తెలియకపోతే నలుగురిలో నామోషీ.

దానికి మొదటిసారి ఈసీజీ తీసింది తొమ్మిదో ఏట. టౌన్‌షిప్ స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టారు. మూడొందల మంది పిల్లలు, ఒక పాత మిషను, చాలీచాలని కాగితం చుట్ట. ఛాతీ బల్బులు మానేసి చేతులూ కాళ్లూ చాలన్నారు. లహరి దగ్గరికి వచ్చేసరికి లీడ్ వన్ తలకిందులైంది. తీగల రంగులు వెలిసిపోయి ఉన్నాయి, సరే ఎక్కడో పొరపాటు పడ్డాననుకుని క్లిప్పులు మార్చి తీశాను. ముచ్చటగా వచ్చింది. తర్వాతి పిల్లకు మళ్లీ మామూలుగానే పెట్టాను, అదీ ముచ్చటగానే వచ్చింది. ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సిన చోటు అదే. కానీ వెనక రెండొందల మంది పిల్లలు తోసుకుంటున్నారు, సమోసాలు కూడా వచ్చేశాయి.

రెండోసారి పదిహేడో ఏట, కాలేజీలో చేరే ముందు. ఈసారి ఆసుపత్రిలోనే, కొత్త మిషను మీద. లీడ్ వన్ మళ్లీ తిరగబడింది. లక్ష్మణుణ్ణి పిలిచి తిట్టి, క్లిప్పులు ఊడదీసి తీగలకు అటుదిటు తగిలించి తీశాను. ఛాతీ గీతలు పోనుపోను చిన్నవయ్యాయి గాని, బక్కపిల్ల, బల్బులు సరిగ్గా పట్టుకోలేదని నేనే డాక్టరుకు సర్దిచెప్పాను. లహరి తర్వాత వచ్చింది స్టోర్సు గుమాస్తా ఒకాయన. ఆయనకు తీస్తే లీడ్ వన్ తలకిందులైంది. మధ్యలో మళ్లీ క్లిప్పులు ముట్టుకున్నావా అని లక్ష్మణుణ్ణి రెండోసారి తిట్టాను. ఒకే పూట రెండుసార్లు తిట్లు తిన్నది అతని ఉద్యోగంలో అదొక్కసారే.

మూడోసారి ఇరవై రెండో ఏట, ఉద్యోగానికి ఫిట్‌నెస్ కోసం. ఈసారి లక్ష్మణుడు సెలవులో ఉన్నాడు. లేనివాణ్ణి తిట్టుకుంటూ క్లిప్పులు మార్చాను. ఎక్స్‌రే గదిలో ధనుంజయ్ అయితే నాలాగే అనుభవజ్ఞుడు. ఫిల్ములో గుండె కుడివైపు కనబడేసరికి, ఎడమ అని తెలిపే అక్షరం తనే తప్పు వైపు పెట్టాననుకుని ఫిల్ము తిప్పి కవరులో పెట్టి ఇచ్చాడు. ఇద్దరు నిపుణులం కలిసి మా అమ్మాయిని అక్షరాలా ఆరోగ్యవంతురాల్ని చేసి పంపాం.

ఉద్యోగం బిస్సమ్ కటక్ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో, లెక్కల టీచరు. వారాంతానికి రాయగడ వచ్చి, అక్కడ బండెక్కి కొరాపుట్ మీదుగా ఇంటికి చేరేది. ఏడాది బాగానే గడిచింది. తర్వాత వచ్చినప్పుడల్లా పడుకునే ఉండేది. మెట్లెక్కితే ఆయాసం, నిలబడి పాఠం చెబితే కళ్లు తిరగడం. అర్ధరాత్రి దాకా ఫోను చూస్తే అంతేనన్నాను. నాడి చూస్తే, డెబ్భై దాకా ఉండాల్సింది, నిమిషానికి నలభై నాలుగు ఉంది. పరుగు పందేలవాళ్లకు అలాగే ఉంటుంది, అది మంచి గుండె గుర్తు అని మా డిపార్టుమెంటులో చెప్పుకున్నాను కూడా. లహరి పరుగెత్తింది ఆరో తరగతిలో ఒక్కసారి, నిమ్మకాయ చెంచా పోటీలో.

మొన్న శ్రావణమాసంలో రాయగడ స్టేషన్లో పైవంతెన మెట్లమీద పడిపోయింది. తోటి టీచరు బిందుశ్రీ పక్కన ఉండబట్టి తల పగల్లేదు. అర నిమిషం మాట లేదట, మొహం తెల్లగా పాలిపోయిందట, తర్వాత తనే లేచి బ్యాగు ఎక్కడని అడిగిందట. బిందుశ్రీ కారు మాట్లాడి ఇంటిదాకా తెచ్చి దింపింది. టిఫిను తినకుండా బయల్దేరి ఉంటుందని నేనన్నాను. ప్రసన్నలక్ష్మి నావైపు ఒకసారి చూసి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్దామంది. ఆవిడ గొంతులో అడగడం లేదు.

మర్నాడు ఎనిమిదింటికి నా గదిలో, నా మంచం మీద లహరి పడుకుంది. ప్రసన్నలక్ష్మి గుమ్మంలో నిలబడింది. లక్ష్మణుడు జెల్లీ సీసా పట్టుకున్నాడు. ఎర్రది కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి నేనే చూసి పెట్టాను. మీట నొక్కాను. కాగితం వచ్చింది.

అందులో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది నా బతుకులో నేను చూడకూడదనుకున్నది. గుండె పైగదులు కదిలినప్పుడు కాగితం మీద చిన్న బుడిపె పడుతుంది, ఆ వెంటనే కింది గదులు కదిలి పొడుగు గీత లేస్తుంది. బుడిపె, గీత, బుడిపె, గీత, ఎప్పుడూ జంటగానే వస్తాయి. లహరి కాగితంలో బుడిపెలు నిమిషానికి ఎనభై వస్తున్నాయి, గీతలు ముప్ఫై ఆరే ఉన్నాయి. దేని దారి దానిది. పైనుంచి వచ్చే కరెంటు కిందికి అందడం లేదు. పైవాళ్లు ఒకటి చెబితే కిందివాళ్లు తమకు తోచింది చేయడం మా ఫ్యాక్టరీలో మామూలే, ఏదోలా నడిచిపోతుంది. గుండెలో నడవదు. కింది గదులు తమంతట తాము ఎంతసేపు కొట్టుకుంటాయో, ఎప్పుడు మానేస్తాయో ఎవరూ చెప్పలేరు. నా కూతురు చచ్చిపోతుందేమోనని భయమేసింది.

రెండో సంగతి, లీడ్ వన్ తలకిందులుగా ఉంది. అంత భయంలోనూ, అబద్ధమెందుకు, నాకు కోపం తెప్పించింది ఇదే. లక్ష్మణుణ్ణి తిట్టాను. పిల్ల ప్రాణం మీదికి వచ్చిన రోజైనా క్లిప్పులు సరిగ్గా తగిలించలేవా అని, ఇంకా రాయదగని మాటలు కొన్ని అన్నాను. లహరి చేతుల మీద ఎర్రదీ పసుపుదీ మార్చి మళ్లీ తీశాను. మొదటి కాగితం చింపి బుట్టలో వేసి, శుభ్రమైనది పట్టుకుని డాక్టరు గదికి పరుగెత్తాను.

డాక్టర్ కిరణ్మయి వచ్చి ఆరు నెలలయింది, మా అమ్మాయి కంటే ఓ ఐదారేళ్లు పెద్ద ఉంటుంది. కాగితం చూసి కూర్చున్నావిడ లేచి నిలబడింది. విశాఖలో ఒక గుండె ఆసుపత్రికి ఫోను చేసి, కాగితం ఫొటో తీసి పంపింది. వెంటనే బయల్దేరమన్నారు. దారిలో నాడి ఇంకా తగ్గితే, చేరగానే మెడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెలోకి తాత్కాలికంగా ఒక తీగ దించుతారట, దాని ద్వారా బయటి మిషను కరెంటు ఇస్తుంది. తీగ దించే గది సిద్ధంగా ఉంచుతామన్నారు. మా అంబులెన్సుకు డీజిలు పోయించి తేవడానికి అరగంట పడుతుంది.

నేను తిరిగి నా గదికి వచ్చేసరికి లక్ష్మణుడు పేషంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్లలో నా ముందు అతను కూర్చోవడం అదే మొదలు. లేవలేదు.

"నిన్న స్పిరిటు నేదు బాబూ. క్లిప్పులు నాను ఊడదియ్యనేదు, తుడవనేదు. మొన్నటివి మొన్నట్నాగే ఉన్నాయి," అన్నాడు.

నిన్న నేను ఇరవై రెండు మందికి తీశాను, అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఓపాలి నాకు తియ్యండి," అన్నాడు, చొక్కా గుండీలు విప్పుకుంటూ.

వేరే రోజయితే గదిలోంచి పొమ్మనేవాణ్ణి. ఆ రోజు పక్క బల్లమీది సామాను తీసేశాను. లక్ష్మణుడు పక్క బల్లమీద పడుకున్నాడు. లహరి చేతులనుంచి క్లిప్పులు తీసి, అతనికి ఎర్రది కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి పెట్టాను. కాగితం వచ్చింది. లీడ్ వన్ నిటారుగా, పాఠం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. అవే క్లిప్పులు, అవే తీగలు తీసి లహరికి పెట్టాను. ఎర్రది కుడి చేతికి. రంగు పైకి చదివి మరీ పెట్టాను. కాగితం వచ్చింది. తలకిందులు.

రెండు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. ప్రసన్నలక్ష్మి గుమ్మంలోంచి వచ్చి, నా మణికట్టు పట్టుకుని, నా అరచేతిని పిల్ల ఛాతీ మీద కుడి పక్కన పెట్టింది. చేతి కింద బరువుగా ఒక దెబ్బ తగిలింది. చాలాసేపటికి ఇంకొకటి.

"ఇరవై మూడేళ్లయింది సెప్పి," అందావిడ.

లహరి కళ్లు తెరిచే ఉంది. దానికి లెక్కలు బాగా వచ్చు.

"మూడుపాల్లూ నన్నే సరిసేసేవా నాన్నా?" అంది.

అవునన్నాను. నాలుగు సార్లు అనాలి నిజానికి, ఆ పొద్దుటిది కలుపుకుంటే.

నా గదికీ డాక్టరు గదికీ ముప్ఫై రెండు అడుగులు. నడవాలో సగం దూరంలో నీళ్ల ఫిల్టరు ఉంటుంది, అక్కడ ఆగాను. దాహం లేదు. శుభ్రమైన కాగితం ఫొటో ఈపాటికి విశాఖలో ఉంది. వాళ్లకు పెద్ద మిషన్లున్నాయి, వాళ్లకే తెలుస్తుంది కదా, నేను చెప్పడమెందుకు అనిపించింది. ఎవరూ నన్ను అడగరు. చింపిన కాగితాలు ఎప్పుడో కాలిపోయాయి. ఇంకో మూడేళ్లు సర్వీసు ఉంది, గోవిందరావు కాగితం తిరిగి రాదన్న పేరు అలాగే ఉండిపోతుంది. గ్లాసు నింపుకుని తాగాను. అప్పుడు ఆ మెడ దగ్గరి తీగ గుర్తొచ్చింది. నాడి ఆగిపోతున్న పిల్ల మెడలోంచి తీగ దించేవాడు, నేను పంపిన కాగితాన్ని నమ్మి, గుండె ఉండాల్సిన చోట ఉందనుకుని దించుతాడు. అక్కడ అది లేదని తెలుసుకోవడానికి అతనికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం అతనిది కాదు, నాది కాదు, నా కూతురిది.

లోపలికి వెళ్లి, తలకిందుల కాగితం ముందు పెట్టి, నేనిచ్చిన కాగితం తప్పు మేడమ్ అని చెప్పాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా కాగితం ఒకటి వెనక్కి వచ్చింది, అదీ నేనే తెచ్చాను.

డాక్టర్ కిరణ్మయి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వచ్చి లహరి ఛాతీ మీద స్టెతస్కోపు ఎడమవైపు పెట్టింది, తర్వాత కుడివైపు పెట్టి చాలాసేపు ఉంచింది. పొట్ట తట్టి చూసి, కాలేయం కూడా అటుదిటు ఉన్నట్టుందని తనలో తను అనుకుంది. మళ్లీ విశాఖకు ఫోను చేసి తలకిందుల కాగితం పంపింది. పుట్టుకతోనే గుండె కుడివైపు ఉంది, మొదటి ఫొటో నమ్మొద్దు అని రెండుసార్లు చెప్పింది. ఫోను పెట్టేశాక, ఇంతకు ముందెప్పుడైనా ఇలా వచ్చిందా అని నన్నడిగింది. మూడుసార్లు వచ్చిందన్నాను. ఆ కాగితాలు ఎక్కడున్నాయంది. చింపేశానన్నాను.

సాలూరు ఘాట్ దిగుతున్నంతసేపూ నా చెయ్యి లహరి కుడి పక్కనే ఉంది. ముప్ఫై నాలుగు, ముప్ఫై మూడు. ఇన్నేళ్లూ నాడిని కాగితం మీద గళ్లు లెక్కపెట్టి చెప్పేవాణ్ణి, చేత్తో లెక్కపెట్టడం ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. మలుపుల దగ్గర డ్రైవరు వేగం తగ్గిస్తే కోపం, తగ్గించకపోతే కోపం. ప్రసన్నలక్ష్మి పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. విజయనగరం దాటాక ఇరవై ఎనిమిదికి పడింది. లహరి కళ్లు పైకి తేలిపోయాయి. పిలిస్తే పలకలేదు. నేను ఎవరిని మొక్కుకున్నానో, ఏం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు, అందరినీ మొక్కే ఉంటాను.

ఆసుపత్రి గుమ్మంలోనే మంచం సిద్ధంగా ఉంది. తిన్నగా లోపలికి తీసుకుపోయారు. పావుగంట తర్వాత ఒక నర్సు వచ్చి, తీగ దిగింది, నాడి డెబ్భై అని చెప్పింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ప్రసన్నలక్ష్మి కూర్చునే ఉంది. కాసేపటికి తన చీర కొంగు నా చేతికిచ్చింది.

సాయంత్రం అక్కడి పెద్ద డాక్టరు స్కాను చూసి, తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. క్యాలెండరు వెనక నేను గీసినట్టే గీశాడు, సరిగ్గా గీశాడు. లహరి గుండె కుడివైపు ఉండటం వల్ల నష్టం లేదట, అలా నూరేళ్లు బతికేవాళ్లున్నారట. చిక్కు వేరే ఉంది. కడుపులో ఉన్నప్పుడే దాని గుండెలో కింది గదులు రెండూ ఒకదాని చోట ఒకటి పడ్డాయి. రక్తనాళాలు కూడా అలాగే తారుమారై పుట్టడం వల్ల రక్తం మాత్రం వెళ్లాల్సిన చోటికే వెళ్తోంది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. కానీ కరెంటు దారి సంగతి వేరు. మామూలు గుండెలో పైగదుల నుంచి కింది గదులకు అది పొట్టి దారిలో దిగుతుంది. ఇలాంటి గుండెల్లో గోడలు చోటు మారితే, చాలామందికి ఆ దారి దొరకదు. రోడ్డు తెగిన ఊరివాళ్లు కొండ చుట్టి నడిచినట్టు కరెంటు ముందువైపునుంచి చుట్టు తిరిగి రావాలి. ఆ దారి పొడుగు, సన్నం. ఏళ్లు గడిచేకొద్దీ అందులో పీచు పేరుకుని తెగిపోతుంది. ఇలా పుట్టినవాళ్లు నూరుమంది ఉంటే, ఏటా ఒకరిద్దరికి తెగుతుందట.

ముందే తెలిసి ఉంటే ఏం చేసేవారని అడిగాను. తెగకుండా ఆపలేం, కానీ ఏటా చూసేవాళ్లం, మీరు చెప్పిన ఆ నలభై నాలుగుకి వచ్చిన రోజే పేస్‌మేకరు పెట్టేవాళ్లం, మెట్లమీద పడేది కాదు అన్నాడు. తర్వాత, ఇవాళ గుండె ఏ వైపుందో ముందే చెప్పబట్టి వెతుకులాట తప్పింది, ఆ రెండో కాగితం పంపింది ఎవరు అన్నాడు. మా డాక్టరమ్మ అన్నాను. తీసింది ఎవరంటే అటెండెంటు లక్ష్మణుడు తీయించాడన్నాను.

రెండు రోజుల తర్వాత పేస్‌మేకరు పెట్టారు. అగ్గిపెట్టె కంటే చిన్నది, భుజం కింద చర్మంలో ఉంటుంది. చుట్టు దారి తెగినచోట ఇక అది కబురు మోస్తుంది. ఆ సాయంత్రం లక్ష్మణుడికి ఫోను చేశాను. క్షమించమని అడిగాను. తప్పంతా నాదేనని చెప్పాను. ముప్ఫై ఏళ్ల తిట్లు వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియడం లేదన్నాను.

"అమ్మి లెగిసి తిరుగుతందా బాబూ?" అన్నాడు. రేపట్నుంచి నడిపిస్తారన్నాను. స్పిరిటు వచ్చిందని, క్లిప్పులు ఊడదీసి తుడవనా, మీరొచ్చేదాకా ఉంచనా అని అడిగాడు. తుడవమన్నాను.

మర్నాడు పొద్దున్న ఆ ఆసుపత్రి టెక్నీషియను మిషను తోసుకుంటూ వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, చేతివేగం చూస్తేనే మనిషి ఎలాంటిదో నాకు తెలిసిపోయింది. ఎర్రది కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి. మీట నొక్కింది. కాగితం వచ్చింది. ప్రతి గీత ముందూ పేస్‌మేకరు వేసిన సన్నటి నిలువు గీత, నిమిషానికి డెబ్భై, ఒక్కటీ తప్పడం లేదు. లీడ్ వన్ తలకిందులు. ఆ అమ్మాయి నాలుకతో చప్పుడు చేసి, కాగితం చించి పక్కన పెట్టి, ఎర్ర క్లిప్పు మీద చెయ్యి వేసింది. నా చేతులు నేను బయటనుంచి చూడటం అదే మొదటిసారి.

తీగలు సరిగ్గానే ఉన్నాయమ్మా, తియ్యకు అన్నాను. తొమ్మిదేళ్లుగా తీస్తున్నాను సర్, లీడ్ వన్ తిరగబడితే క్లిప్పులు మారినట్టేనంది. నాకు ముప్ఫై ఒకటి అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. కేసు షీటు మీద డాక్టరు రాసింది చూపించాను. చదివి, లహరి కుడి పక్కన అరచెయ్యి పెట్టి చూసింది. నాకు ఇరవై మూడేళ్లు పట్టిన పని ఆ అమ్మాయి రెండు క్షణాల్లో చేసింది. క్లిప్పులు విప్పి, షీటులో ఏదో రాసుకుని, పక్క మంచం దగ్గరికి మిషను తోసుకుపోయింది.

పక్కన పెట్టిన కాగితం మంచం అంచున ఉంది. నేను తీసుకున్నాను. ఒకసారి మొదటినుంచీ చదివాను. చదవడం అయిపోయాక చేతులు వాటంతట అవే దాన్ని సగానికి మడిచాయి, ఆ సగాన్ని మళ్లీ సగానికి మడిచి, రెండు బొటనవేళ్లూ మడత మీద పెట్టాయి. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు.

"నాన్నా," అంది లహరి మంచం మీదనుంచి. "అది నేను. సింపకు."

మడతలు విప్పి, ఒళ్లో పెట్టుకుని అరచేత్తో చదును చేశాను. కింద తీసినవారి పేరు రాసే చోట ఆ అమ్మాయి పొట్టి సంతకం ఉంది. పైన ఖాళీగా ఉన్నచోట, పెన్ను అడిగి తీసుకుని, ఎర్ర క్లిప్పు కుడి చేతికే పెట్టాం అని రాసి, నా సంతకం చేశాను.